ఐదో గ్లాసు

ఎనిమిదో రోజు కూడా ఐదో గ్లాసు చెమర్చింది.

మోనాచారి మోకాళ్ల మీద వంగి, గ్లాసు ఎత్తకుండా ముందు చుట్టూ తిరిగి చూశాడు. అవి చాయ్ హోటల్లో అడిగి తెచ్చిన గాజు గ్లాసులు. సాయంత్రం పని ముగించి పోయేటప్పుడు గదికి నాలుగు మూలల్లో నాలుగు, కిటికీ ముందు ఒకటి నేల మీద బోర్లించి పోతాడు. పొద్దున తొమ్మిదికి వచ్చి చూస్తాడు. మూలల్లోని నాలుగూ పొడిగా ఉంటాయి. కిటికీ ముందరి దానికి మాత్రం లోపల ఆవిరి పట్టి, అంచు దగ్గర చుక్కలు కట్టి ఉంటాయి. అతను జేబులోంచి సుద్దముక్క తీసి గోడ మీద ఎనిమిదో గీత గీశాడు.

ఇది తండ్రి నేర్పిన పద్ధతి. గట్టు అనే ఊళ్లో తలుపులు చేసే రోజుల్లో తండ్రి ఎవరింట్లోనైనా చెక్క దించే ముందు నేల మీద ఇత్తడి గిన్నె ఒకటి బోర్లించి వచ్చేవాడు. తెల్లారి గిన్నె లోపల వేలు పెట్టి చూసేవాడు. వేలికి తడి తగిలితే ఆ ఇంట్లో చెక్క దిగేది కాదు. మోనాచారి గిన్నె బదులు గ్లాసు పెట్టాడు. గ్లాసైతే ఎత్తకుండానే కనిపిస్తుంది.

గద్వాల కోట వెనక వీధిలో ఉన్న ఆ ఇల్లు అమూల్యది. అమూల్య చీరలు అమ్ముతుంది. ఆమెకు దుకాణం లేదు, ఫోనే దుకాణం. చీరను నేల మీద పరిచి, అంచు చూపించి, కొంగు చూపించి వీడియో తీస్తుంది. షాబాదు బండల మీద చీర రంగు చచ్చిపోతోందని, చెక్క మీదైతే తేలుతుందని ఆమెకు ఎవరో చెప్పారు. ఇంటి మరమ్మతు ఎట్లాగూ పెట్టుకుంది కాబట్టి ముందు గదికి టేకు నేల వేయించాలనుకుంది.

మోనాచారి యాభై రెండేళ్లలో ఎన్నో తలుపులు చేశాడు కానీ నేల ఒక్కటీ చేయలేదు. అయినా ఒప్పుకున్నాడు. ఇప్పుడు తలుపులు తయారై లారీల్లో వస్తున్నాయి. రెండేళ్లుగా అతను వాటిని బిగించడమే తప్ప చేయడం లేదు. కోడేరులో ఒక పాత ఇల్లు కూలగొడుతుంటే దూలాలు కొన్నాడు. వనపర్తి కోత మిల్లులో పలకలుగా కోయించి నలభై రోజులు నీడలో పేర్చాడు. ఫోన్లో వీడియోలు చూసి, బండల మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద పట్టీలు, పట్టీల మీద పలకలు ఎట్లా దిగ్గొట్టాలో నేర్చుకున్నాడు. ఆ వీడియోల్లో ఎవరూ ఇల్లు కడిగినట్టు కనిపించలేదు. వాళ్లు బకెట్‌తో నీళ్లు చల్లరా అన్నది అతనికి ఇప్పటికీ తెలియదు.

పని మొదలుపెట్టే రోజు అమూల్యకు ఒక మాట ఇచ్చాడు. ఏడాది లోపల ఒక్క పలక లేచినా తనే వచ్చి నేలంతా విప్పి మళ్లీ వేస్తానన్నాడు. వనపర్తిలో ఒక డాక్టరు, పెబ్బేరులో ఒక రైసుమిల్లు ఆయన ఈ గది చూశాకే తమ ఇంటి సంగతి చెప్తామన్నారు. ఈ నేల నిలబడితే అతని చేతికి మళ్లీ పని ఉంటుంది. లేస్తే లారీ తలుపులే గతి.

లోపలి గోడ నుంచి మొదలుపెట్టి సగం గది పరిచాడు. అక్కడికి వచ్చాక కిటికీ వైపు కూడా ఒక గ్లాసు పెడితే అది తడిసింది. అప్పటి నుంచి పలక ముందుకు కదలలేదు.

"మోనన్నా, గ్లాసులాట అయిందా?" అమూల్య గుమ్మంలోంచి అడిగింది. "పలకలు ఎప్పుడేస్తవు?"

"తడి ఏడికెళ్లి వస్తున్నదో తెలిసినంక."

"జర తడి ఉంటే ఏమైతది? వానకాలం మా తలుపు గూడ ఉబ్బుతది. ఎండలొస్తే తగ్గుతది."

"తలుపు ఉబ్బితే గట్టిగ గుంజి పెడ్తవు. నేల ఉబ్బితే ఏం గుంజుతవమ్మా?"

"కింద ప్లాస్టిక్ ఏస్తున్నవు గద."

"దాని కింద తడి చిక్కి, అంచులకెళ్లి పైకొస్తది. ఆరు నెలలకు పలక విల్లు లెక్క వంగుతది. అప్పుడు నువ్వు నాకు ఫోన్ చేసి ఏమంటవో నాకు ఎరికే."

అమూల్య నవ్వింది. "ఏమంటనో ఇప్పుడే అంట, ఇనిపోతవా?"

తడి ఒక్కటే అయితే అతను ఇంత తల బద్దలు కొట్టుకునేవాడు కాదు. చప్పుడు కూడా తేడాగా ఉంది. సుత్తి కాడతో గదంతా తడుతూ వస్తే అన్ని బండలూ టక్కుమంటాయి. కిటికీ ముందరి రెండు బండలు బోలుగా డబ్బుమంటాయి. అమూల్య నాగర్‌కర్నూల్లో ఉద్యోగం చేసే తండ్రికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"గాడ మీ తాత మగ్గం గుంత ఉండె," అన్నాడు తండ్రి. "మగ్గం అమ్మినంక అవ్వ మేస్త్రిని పిలిచి పూడిపిచ్చింది. బండలేపిచ్చింది. అప్పటికి నువ్వు రెండేండ్ల పిల్లవు."

గుంట మగ్గం మీద నేసేవాళ్లు నేల అంచున కూర్చుని కాళ్లు గుంతలోకి దించుతారు. తొక్కుడు చెక్కలు గుంతలో ఉంటాయి. పూడ్చిన మన్ను కుంగి ఉంటుందని మోనాచారి అనుకున్నాడు. డబ్బుమనడానికి కారణం దొరికింది. కానీ ఏప్రిల్ ఎండల్లో, ఇరవై ఆరేళ్ల కింద పూడ్చిన గుంతలోకి నీళ్లు ఎట్లా వస్తాయి?

బండ ఒకటి లేపి చూస్తే తేలిపోయేదే. కానీ అమూల్య నాయనమ్మ భీమమ్మ మొదటి రోజే వచ్చి గుమ్మంలో నిలబడి షరతు పెట్టింది. "చెక్క ఎయ్యి, రేకు ఎయ్యి, నీ ఇష్టం. బండ మాత్రం లేపకు." ఎందుకని ఎవరూ అడగలేదు. ఎనభై ఏళ్లు దాటిన మనిషి, పాత బండల మీద మమకారం అనుకున్నారు.

ఐదో రోజు ప్లంబర్ యోసేపును పిలిపించారు. యోసేపు ఇల్లంతా తిరిగి, గోడలకు చెవి ఆనించి, వచ్చి పలకల కట్ట మీద కూర్చున్నాడు.

"మోనన్నా, ఈ గదికి పైపే లేదు. లేని పైపు కారుతదా?"

"మరి నీళ్లేడియి?"

"ఎండలు గట్లున్నయి. నీ గ్లాసుకు చెమటలు పడుతున్నయేమో, జర విసనకర్ర పట్టు."

అయినా యోసేపు ట్యాంకు దగ్గరే నీళ్లు బంద్ చేశాడు. ఒక పగలూ ఒక రాత్రీ ఇంట్లో బిందెలతో నడిపించారు. తెల్లారి ఐదో గ్లాసు మళ్లీ చెమర్చే ఉంది. భూమిలో ఊట ఏమోనని మోనాచారి పక్కింట్లో అడిగాడు. వాళ్ల బోరులో రెండు వందల అడుగుల కింద కూడా నీళ్లు అందడం లేదట.

ఎనిమిదో గీత గీసిన మర్నాడు అమావాస్య. వడ్రంగం చేసే వడ్లవాళ్లు ఆ రోజు పని పెట్టుకోరు. మోనాచారి తండ్రి అమావాస్య నాడు ఉలి ముట్టేవాడు కాదు, మోనాచారీ ముట్టడు. పొద్దున తల స్నానం చేసి, తిని, పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. మూడు గంటలకు చొక్కా వేసుకుని అమూల్య ఇంటికి వచ్చాడు.

"ఇయ్యాల సెలవు గద?" అంది అమూల్య.

"పనికి రాలే. ఊకెనే చూసిపోత."

కిటికీ ముందు వంగాడు. గ్లాసులో చుక్క లేదు. అంచున ఆవిరి మరక ఒకటి కనిపించింది, అదీ ఆరిపోతోంది. గ్లాసు ఎత్తి లోపల వేలు తిప్పాడు. బండ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. మూలల్లోని బండలెట్లా ఉన్నాయో అదీ అట్లాగే ఉంది.

అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎనిమిది రోజులు తడి, ఈ ఒక్క రోజు లేదు. పైపు అమావాస్య పాటించదు. భూమిలోని ఊట పాటించదు. పాటించేది మనుషులు, మనుషుల్లో కూడా కొందరే. చేతి పని మీద బతికేవాళ్లు పాటిస్తారు. వడ్లవాళ్లు, కమ్మరివాళ్లు. నేతవాళ్లు.

"అమూల్యమ్మా, ఇయ్యాల మీ ఇంట్ల ఎవరు పని బంద్ చేసిన్రు?"

"ఎవరు బంద్ చేస్తరు? నేను గిన్నెలు తోమిన, బట్టలు పిండిన, నాలుగు చీరలు పార్సిల్ కట్టిన. నీ తీరు నాకు సెలవిచ్చేటోడు ఎవడున్నడు?"

అతను గ్లాసు మళ్లీ బోర్లించి లేచాడు.

మర్నాడు పొద్దున ఐదు గంటలకే వచ్చాడు. పనిముట్లు అక్కడే ఉంటాయి కాబట్టి వీధి తలుపు తాళం చెవి ఒకటి అతని దగ్గర ఉంది. లోపలికి వచ్చి పలకల కట్ట మీద కూర్చున్నాడు. కిటికీలో వెలుతురు పడుతుండగా లోపలి తలుపు తెరుచుకుంది. భీమమ్మ చెంబుతో వచ్చింది.

"ఎవరది?"

"నేనే అవ్వా. వడ్ల మోనాచారిని."

"గింత పొద్దుగాలనా? ఇంట్ల పెండ్లాం ఎల్లగొట్టిందా?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చుంది. రెండు బండలు కలిసే చోట బొటనవేలు పట్టేంత బొక్క ఒకటి ఉంది. అందులో గుడ్డ కుక్కి ఉంది. ఎలుక బొక్క మూశారని మోనాచారి ఇన్నాళ్లూ అనుకున్నాడు. భీమమ్మ గుడ్డ పీకి, చెంబులోని నీళ్లు బొక్కలోకి వంపింది. నీళ్లు కింద ఎక్కడో పడిన చప్పుడు వచ్చింది. చెంబు ఖాళీ అయ్యాక గుడ్డ మళ్లీ కుక్కింది.

"అవ్వా, గిది దినాం చేస్తవా?"

"దినాం. అమాసకు పొయ్యను."

"ఎందుకు పోస్తవు?"

ఆమె అతని వైపు చూసింది. ఇట్లాంటి సంగతి వడ్లవాడికి తెలియకపోవడం ఆమెకు ఆశ్చర్యంగా ఉన్నట్టుంది.

"గుంత ఎండితే గోడలు పగులుతయి. కింద తేమ ఉండాలె. లేకుంటే ఈ ఎండలకు నూలు పోగు ఊకె తెగుతది."

"మగ్గం లేదు గద అవ్వా."

"మగ్గం అమ్మినం. గుంతను అమ్మినమా?"

"పూడ్చినవంట గద? అమూల్యమ్మ నాయన చెప్పిండు."

"పూడ్చిన అని చెప్పిన. ఆనాడు నా కొడుకు డ్యూటీకెళ్లి వచ్చేసరికి బండలున్నయి. వాడు తట్టి చూసిండా?"

మాటలు విని అమూల్య నిద్రకళ్లతో లోపలి నుంచి వచ్చింది. మోనాచారి జరిగిందంతా చెప్పాడు. అమూల్య నాయనమ్మను చూసి, బొక్కను చూసి, మళ్లీ నాయనమ్మను చూసింది.

"ఇరవై ఆరేండ్లా? రోజూ?"

"అమాసలు తీసెయ్యి," అంది భీమమ్మ.

తర్వాత భీమమ్మే అడిగింది. "నాకు గూడ ఒకటి చెప్పు వడ్లాయనా. నువ్వు చెక్క కొట్టినంక నేను నీళ్లు ఏడ పోయాలె? నువ్వు పని పెట్టినకాంచి నాకు గదే పరేషాన్."

"నన్ను అడుగకపోతివి?"

"నువ్వు అడిగినవా? నువ్వు గ్లాసుల చుట్టూ తిరుగుతుంటివి."

మోనాచారి గడ్డపార తీసుకున్నాడు. భీమమ్మ వైపు చూశాడు. ఆమె కొంచెం ఆలోచించి, పక్కకు జరిగింది. "మెల్లగ. అంచు ఇరగొద్దు."

రెండు బండలూ లేపి గోడకు ఆనించారు. కింద గుంత ఉంది. గోడలు మట్టివి, పైన నున్నగా మెత్తినవి. ఒక్క బీట లేదు. అడుగున మట్టి చెమ్మగా ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఎవరూ చూడని ఆ గోడల మీద మెత్తిన చేతి వేళ్ల గీతలు అట్లాగే ఉన్నాయి. మోనాచారి చేతిని ఆ గీతల మీద ఆనించాడు. గీతల కంటే అతని వేళ్లు లావు.

అతను టేపు తీసి కొలిచాడు. వెడల్పు, పొడవు, లోతు. లోతు రెండుసార్లు కొలిచాడు. తర్వాత చెప్పులు విడిచి అంచున కూర్చుని కాళ్లు దించాడు. అతని మోకాళ్లు పైకి లేచి నిలబడ్డాయి. గుంత అడుగున మడమలు ఆనే చోట రెండు పల్లాలు ఉన్నాయి. అతని మడమ వాటిలో పట్టలేదు.

"అమూల్యమ్మా, మీ తాత ఎంత ఎత్తు ఉంటుండె?"

"ఆరడుగులు. గా గుమ్మానికి తల తగులుతుండె అంట. ఎందుకు?"

"గట్లయితే ఈ గుంతల ఆయన కూసోలే. కూసుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతయి. ఇది నాలుగున్నర, ఐదడుగుల మనిషి కొలతకు తవ్విన గుంత."

అమూల్య నాయనమ్మ వైపు తిరిగింది. గది ఖాళీ చేసేటప్పుడు తీసి పక్కన పెట్టిన తాత ఫోటో పాత చీర చుట్టి ఒక మూలన ఉంది. ఆ ఫోటోలో తాత చేతి మీద చీర మడత ఉంటుంది. ఆ ఫోటో చూపించి అమూల్య ఎన్నో వీడియోలు చేసింది.

"ఆయన రెండేండ్లు నేసిండు," అంది భీమమ్మ. "నడుము నొప్పి. తర్వాత మూట నెత్తిన పెట్టుకొని రాయచూరు దాంక అమ్మవోయెటోడు. మాటకారి. నేను గుంతల మన్ను పోసి నా లెక్కకు లోతు తగ్గించుకున్న. మీ నాయన పుట్టకముందు కెళ్లి మగ్గం అమ్మినదాంక నేనే కూసున్న."

"అవ్వా, మరి నాకు ఎన్నడూ చెప్పలే!"

"నువ్వు ఫోన్ల 'మా తాత నేసిండు' అని దినాం చెప్తవు గద. గోడవతల ఇంటుంట. చెప్పెటోళ్లకు అడ్డమెందుకు రావాలె?"

అమూల్య గుంత అంచున కూర్చుని కాళ్లు దించింది. ఆమె కూడా పొడుగేమీ కాదు. మోకాళ్లు నేలకు సమంగా వచ్చాయి. మడమలు పల్లాల్లో కూర్చున్నాయి. పైకి రాలేదు చాలాసేపు.

"మోనన్నా," అంది చివరికి. "ఇది పూడ్చొద్దు."

"పూడ్చుడు తర్వాత సంగతి. నా టేకు సంగతేంది? అవ్వ నీళ్లు పోసుడు ఆపుతదా?"

"ఆపను," అంది భీమమ్మ.

మోనాచారి ఆ రోజంతా పని చేయలేదు. గుంత పక్కన కూర్చుని గోడ మీద సుద్దతో గీతలు గీస్తూ, చెరుపుతూ గడిపాడు. తడి లోపల చిక్కుకున్నందుకే బండల సందుల్లోంచి పైకి వస్తోంది. గుంత మూత తెరిచి ఉంటే తడి గాలికి పోతుంది. గాలికి పోయే తడి చెక్కను ఏమీ చేయదు. మరి పోసేటప్పుడు చిందే నీళ్లు? చెక్కను గుంత అంచు దాకా తీసుకురాకూడదు.

సాయంత్రానికి లెక్క కుదిరింది. లేపిన బండల్లోంచే జానెడు వెడల్పు ముక్కలు కోయించి గుంత చుట్టూ గట్టుగా పరిచాడు. టేకు పలకలు ఆ గట్టు దగ్గర ఆగిపోతాయి. గట్టుకూ పలకకూ మధ్య వేలెడు సందు వదిలాడు. గుంత మీద మూత, మూతలో చీలికలు, చీలికల్లోంచి గాలి.

మూత దగ్గర రెండు రోజులు పట్టింది. మొదటిది చేసి భీమమ్మను పిలిచాడు.

"లేపు అవ్వా."

భీమమ్మ రెండు చేతులా పట్టి లేపబోయింది. "ఇది మూతనా, ఎద్దుల బండినా? నన్ను గుంతల ఏసి మూసేతందుకు చేసినవా?"

దాన్ని మూడు ముక్కలు చేశాడు. ఆమె ఒకటి లేపి, ఇంకా బరువంది. రందాతో చిత్రిక పట్టి అడుగు వైపు పలచబరిచాడు. మళ్లీ లేపింది. ఇంకాస్త. నాలుగోసారి ఆమె ఒక్క చేత్తో ముక్కను ఎత్తి, పక్కన పెట్టి, చెంబు వంపి, మళ్లీ మూసింది. గట్టు మీద నాలుగైదు చుక్కలు పడ్డాయి. కొంగుతో తుడిచింది. చెక్క మీద ఒక్కటీ పడలేదు. మోనాచారి వంగి చూసి లేచాడు.

మిగిలిన పలకలు మూడు రోజుల్లో పరిచాడు. పని అయిపోయినా గ్లాసులు మాత్రం తీయలేదు. ఇప్పుడు ఐదో దాన్ని కిటికీ ముందు టేకు మీద బోర్లించాడు. హోటల్లో ఇంకొకటి అడిగి తెచ్చి గుంత అడుగున పెట్టాడు. రోజూ పొద్దున వచ్చి చూశాడు. పైన ఐదూ పొడిగా ఉన్నాయి. గుంతలోది చెమర్చి ఉంది. యోసేపు ఒకసారి వచ్చి చూసి, "ఐదుండె, ఆరు చేసినవా? హోటలాయన నిన్ను వెతుకుతుండు," అని పోయాడు.

అమూల్య తాత ఫోటోను గోడకు మళ్లీ తగిలించింది. దాని కింద నిలబడి కొత్త వీడియో తీసింది. గుంత మూత తెరిచి, అంచున నాయనమ్మను కూర్చోబెట్టింది. భీమమ్మ చీర సర్దుకుని, కాళ్లు దించి, ఫోన్ వైపు చూడకుండా గోడ మీద వేలితో గీకి చూసుకుంది. "ఏం చెప్పాలె?" అని అడిగింది. "ఏం లేదవ్వా, నువ్వు కూసో," అంది అమూల్య. "కూసునుడైతే నాకొస్తది," అంది భీమమ్మ.

వనపర్తి డాక్టరు వచ్చి చెప్పులు బయట విడిచి గదంతా నడిచాడు. మడమతో అక్కడక్కడా తొక్కి చూశాడు. మూత దగ్గర ఆగాడు. "ఇది బాగున్నది ఆచారీ. మా హాల్ల గూడ ఇట్లాంటిది ఒకటి పెట్టాలె."

"మీ ఇంట్ల గుంత ఎవరు తవ్విన్రు సార్?"

"గుంత లేదు. మూత ఒక్కటి చాలు."

మోనాచారి అతని మొహం చూశాడు. డాక్టరు నిజంగానే అంటున్నాడు. "వానకాలం పోనీయండి," అన్నాడు మోనాచారి. "ఈ నేల వానకాలం దాటినంక మాట్లాడుకుందం."

తర్వాతి అమావాస్య నాడు మోనాచారి పొద్దున తల స్నానం చేసి, తిని, మూడు గంటలకు చొక్కా వేసుకున్నాడు. అమూల్య తలుపు తీసి ఏమీ అడగలేదు. అతను ఐదు గ్లాసులూ ఎత్తి చూశాడు. తర్వాత మూత ముక్క ఒకటి తీసి, బోర్లా పడుకుని, చెయ్యి గుంతలోకి దించి ఆరో గ్లాసు పైకి తీశాడు. వెలుతురులో పట్టి చూశాడు.

లోపల వేలు తిప్పాడు. పొడిగా ఉంది. మళ్లీ దాని చోట దాన్ని బోర్లించి, మూత మూసి, ఇంటికి పోయాడు.